భాబీ దాచిన క్యాసెట్

ఖాజా భాయ్ పోయిన నలభయ్యో రోజున మెట్‌పల్లి వెళ్ళాను. ఫాతెహా చదవడం అయింది. భోజనాలు చేసినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. నేనూ లేవబోతుంటే ఆయన భార్య హమీదా భాబీ లోపలి గదిలోకి రమ్మని సైగ చేసింది. బీరువా అడుగు నుంచి బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి తీసి, తెల్లగుడ్డలో చుట్టిన క్యాసెట్‌ను నా చేతిలో పెట్టింది. గుడ్డ ఉతికి మడతపెట్టినట్టుగా ఉంది. క్యాసెట్ మీద కాగితం ఎప్పుడో ఊడిపోయింది.

"మీరిద్దరు ఒక్క కంచంల తిన్నోళ్ళు రాజేశం. నీకు తెల్వకుండ ఉండదు" అంది. "దీంట్ల ఒక ఆడమనిషి మాట్లాడుతది. ఒక చిన్నపిల్ల గూడ ఉన్నది. ఎవలు ఆమె?"

నాకు మొదట నవ్వు వచ్చింది. ఆమె ముఖం చూసి ఆగిపోయాను. "ముందుగాల మీ భాయ్ గొంతే వస్తది. నడుమల ఆగిపోతది. ఆ వెనుక ఆమె. అంత అరబ్బీ. నేను ఒక్కనాడు గూడ అడగలె. ఆయన దుబాయ్ నుంచి వచ్చినప్పుడల్ల పెట్టె నేనే విప్పేదాన్ని. చిన్న గౌన్లేమన్న ఉన్నయా అని అడుగు దాక చూసేదాన్ని. ఒక్కటి గూడ దొరకలె. దొరకకపోతె గూడ మనసు ఒప్పుతదా?" మేము పనిచేసింది ఖతార్‌లో. భాబీకి అదీ దుబాయే. ఆ మాట సరిదిద్దే ధైర్యం ఆ రోజు నాకు లేదు. ఎందుకంటే చేతిలో ఉన్నది ఏ క్యాసెట్టో నాకు అర్థమైంది. దాంట్లో ఖాజా భాయ్ గొంతు తప్ప ఇంకేమీ మిగల్లేదని నలభై ఏళ్లుగా అనుకుంటూ వచ్చాను. దాన్ని చెరిపించింది నేనే.

దోహాలో కంపెనీ మాకు అల్ హిలాల్‌లో ఒక ఇల్లు ఇచ్చింది. నాలుగు చిన్న గదులు, నలుగురు మనుషులు. అప్పుడు చమురు డబ్బు దేశమంతా రోడ్లుగా మారుతోంది. ఆ రోడ్లు ఎక్కడ ఎత్తు ఉండాలో, ఎక్కడ పల్లం ఉండాలో ముందుగా కొలిచే పని మాది. కొలిచే యంత్రం దగ్గర ఉండేవాడు ఇలియాస్. దూరంగా అంకెలు గీసిన పొడవాటి కర్ర నిలబెట్టేవాడు అబూ అలీ. ఇద్దరూ లెబనాన్‌లోని బేరూత్ నుంచి వచ్చారు, అక్కడా పదిహేనేళ్లు కలిసి ఇదే పని చేశారు. యంత్రంలోంచి చూసి ఇలియాస్ చెప్పే అంకెలను పుస్తకంలో రాసేది నేను. నిజామాబాద్‌లో ఓవర్సీయర్ చదువు చదివిన ఇరవై నాలుగేళ్ల వాణ్ణి. జీపు నడిపేది, సాయంత్రం వంట చేసేది ఖాజా భాయ్. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. ఇలియాస్ పేరు విని తమవాడే అనుకుని, మొదటి వారం రోజులూ తెల్లవారుజామున నమాజుకు తలుపు కొట్టి లేపాడు. ఎనిమిదో రోజు ఇలియాస్ చొక్కా గుండీ విప్పి మెడలో శిలువ చూపించి, "నువ్వు లేపడం బాగానే ఉంది ఖాజా, కానీ నా దేవుడు ఆదివారం ఒక్కరోజే లేస్తాడు" అన్నాడట. ఖాజా భాయ్ ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. మా నలుగురి మధ్య నడిచేది వచ్చీరాని ఇంగ్లీషే.

ఇంటి వాసనలు ఇప్పటికీ విడివిడిగా గుర్తున్నాయి. నా గదిలో ప్లాన్ల కాగితాలకు అంటిన అమ్మోనియా ఘాటు. వంటింట్లో అబూ అలీ రాత్రే నానబెట్టిన శనగలు, పొద్దుటికి కొద్దిగా పులిసిన వాసన. ఖాజా భాయ్ పచ్చిపులుసులోకి కాల్చే ఎండుమిరపకాయలకు ఇద్దరు లెబనాన్ వాళ్ళూ దగ్గుతూ వాకిట్లోకి పరుగెత్తేవారు. ఇలియాస్ గడ్డం గీసుకోకుండా రేడియో వార్తలు వినేవాడు కాదు. వార్తలంటే ఎవరో పెద్దమనిషి ఇంటికి వస్తున్నట్టు తయారయ్యేవాడు. తర్వాత ఏలకులు వేసి కాఫీ కాచి, మొదటి కప్పు అబూ అలీకి ఇచ్చేవాడు. అబూ అలీ కర్రను రోజూ తడిగుడ్డతో తుడిచి తన గదిలో మంచం పక్కన నిలబెట్టుకునేవాడు. "అలీ ఎక్కడ?" అని ఒకసారి అడిగాను, అబూ అలీ అంటే అలీ తండ్రి అని తెలిశాక. "ఇంకా పుట్టలేదు, ఉన్నది జైనబ్ ఒక్కతే" అని నవ్వాడు. జైనబ్‌కు అప్పుడు ఐదేళ్లు.

ఆ పిల్లను నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఒక విషయం తెలుసు. పనిలో చేరిన కొత్తలో ఇలియాస్ అరబ్బీలో చెప్పే అంకెలు రాసుకోవడం నాకు తికమకగా ఉండేది. మేము రోజంతా కొలుచుకుంటూ వెళ్ళి, బయలుదేరిన గుర్తు దగ్గరికే తిరిగి వచ్చేవాళ్ళం. మొదటి ఎత్తు, చివరి ఎత్తు ఒకటే రావాలి. ఒకరోజు రాలేదు. వెతికితే, రెండు చోట్ల ఆరు అనే అంకెను నేను వదిలేశానని తేలింది. అల్ వుకైర్ వైపు ఇసుకలో, జీపు నీడలో కూర్చుని రొట్టె తింటుండగా అబూ అలీ పడీ పడీ నవ్వాడు. "నా జైనబ్ కూడా ఇంతే. వాహద్, త్నేన్, త్లాతే, అర్బా, ఖమ్సే, సబా! ఐదు తర్వాత ఏడే. ఎంత చెప్పినా ఆరు దానికి కనబడదు" అన్నాడు. ఇలియాస్ కూడా నవ్వి, ఆ రోజంతా నన్ను జైనబ్ అనే పిలిచాడు.

అదంతా వాళ్ళ దేశంలో యుద్ధం ముదరక ముందు. ఆ యుద్ధం గురించి తర్వాత దొరికిన పుస్తకాలన్నీ చదివాను. ఒక పుస్తకంలో మిత్రులుగా ఉన్నవాళ్ళు ఇంకో పుస్తకంలో శత్రువులు. రెండూ నిజమేనట, నెలలు వేరు. ఇల్లు, వీధి, అంతస్తు వారీగా విడిపోయిన దేశాన్ని పుస్తకంలో ఏ వరసలో చెప్పాలో రాసినవాళ్ళకే తెలియలేదనిపించింది. అప్పట్లో మాకు పుస్తకాలు లేవు, కాఫీ కప్పులు ఉండేవి. ఇలియాస్ ఐదు కప్పులు బల్ల మీద పెట్టి, ఇదిగో వీళ్ళు, వీళ్ళు, వాళ్ళు అని చూపించాడు. మర్నాడు అబూ అలీ అవే కప్పులు వేరే వరసలో పెట్టాడు. ఐదు చాలక రెండు గ్లాసులు కలిపాడు. ఖాజా భాయ్ రోజూ పొద్దున జీపు స్టార్ట్ చేస్తూ, "ఇయ్యాల ఎవలు ఎవల మీద రా రాజేశం?" అని అడిగేవాడు. నేను నిన్నటి జవాబు చెప్పేవాణ్ణి. "అట్ల కాదు, నిన్న రాత్రి మారిండ్రు" అనేవాడు. మేము నవ్వుకునేవాళ్ళం. నవ్వుకున్నామని రాయక తప్పదు.

మొదట ఒకే రేడియో ఉండేది. తర్వాత అబూ అలీ ఇంకొకటి కొన్నాడు. రెండు గదుల్లో రెండు స్టేషన్లు, రెండు రకాల వార్తలు. అయినా కాఫీ మాత్రం ఒకే గిన్నెలో కాగేది. ఆ తర్వాత బేరూత్ తూర్పు భాగంలో అబూ అలీ వాళ్ళ పేటను ఆయుధాలున్న క్రైస్తవ కుర్రాళ్ళు చుట్టుముట్టి ఖాళీ చేయించారని కబురు వచ్చింది. అతని భార్య, జైనబ్ ఎటు వెళ్ళారో ఎవరికీ తెలియదు. ఉత్తరాలు నిలిచిపోయాయి. ఫోను కలిసేది కాదు. ఎవరో ప్రయాణికుడు దమాస్కస్ మీదుగా వచ్చి, ఆ కుర్రాళ్ళలో ఇలియాస్ అన్న కొడుకు కూడా ఉన్నాడని అబూ అలీకి చెప్పాడు. ఆ సాయంత్రం అబూ అలీ కాఫీ కప్పు తీసుకోలేదు. "నీ అన్న కొడుకు ఉన్నాడా, లేడా?" అని మాకూ తెలిసేలా ఇంగ్లీషులో అడిగాడు. ఇలియాస్ ఆ కప్పులోని కాఫీని తిరిగి గిన్నెలోకి ఒంపాడు. "సరే. ఇవాళ్టి నుంచి నీ నోటి మాట నా చెవిన పడకూడదు. పడితే ఈ ఇంట్లో ఇద్దరిలో ఒకడే ఉంటాడు" అన్నాడు అబూ అలీ. అరవలేదు. శనగల గిన్నె తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

నాకు అప్పుడూ ఇప్పుడూ అర్థం కానిది ఏమిటంటే, పని ఆగలేదు. వాళ్ళ పనికి మాటలు అక్కర్లేదు. వంద గజాల దూరం నుంచి ఇలియాస్ చెయ్యి పైకెత్తితే కర్ర ఎత్తాలి, పక్కకు ఊపితే నిటారుగా సరిచేయాలి, రెండు చేతులూ తల మీద పెట్టుకుంటే ఇక్కడ అయిపోయింది, ముందుకు నడువు అని. నాలుగు నెలలు ఆ చేతుల సైగలతోనే గడిచింది. ఒక్కరోజు కూడా మా లెక్క తప్పలేదు. ఇంతకు ముందు కంటే బాగా వచ్చేది. జీపులో ముందు సీట్లో ఒకరు, వెనుక ఒకరు. మధ్యలో నేను, ఒడిలో పుస్తకం.

అప్పుడు ఇలియాస్‌కు ఆ క్యాసెట్ వచ్చింది. బేరూత్ పడమటి భాగంలో అతని అక్క సల్మా ఒంటరిగా ఉండేది. బట్టలు కుట్టేది. ఆ పేటలో ఆమె మతం వాళ్ళు దాదాపు అందరూ వెళ్ళిపోయినా, కుట్టు మిషను మోసుకుని ఎక్కడికి పోను అని ఆమె కదల్లేదు. ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి ఎవరో ఒకరి చేతికి ఇచ్చి పంపడం మాలాగే వాళ్ళకూ అలవాటు. మా తెలంగాణ వాళ్ళయితే శుక్రవారం పొద్దున టేప్ రికార్డర్ ముందు చేతులు కట్టుకుని కూర్చుని, ఊళ్ళో అందరి పేర్లూ వరసగా అడిగి, సెలవు మీద పోయేవాడి సంచిలో క్యాసెట్ వేసేవాళ్ళం. చదువు రానివాళ్ళకు అదే ఉత్తరం. సల్మా క్యాసెట్ వచ్చిన రోజు ఇలియాస్ గడ్డం గీసుకుని, తలుపు బార్లా తెరిచి దాన్ని పెట్టాడు. ముసలి గొంతు, మెల్లగా. వెనుక ఎక్కడో ఒక పిల్ల మాటలు. అబూ అలీ గది తలుపు దడాలున మూసుకుంది, అతని రేడియో గట్టిగా మోగింది. ఇలియాస్ టేపు ఇంకా గట్టిగా పెట్టాడు. మర్నాడూ అంతే. మూడో రోజూ అంతే. ఐదో రోజు టేప్ రికార్డర్ తెచ్చి అబూ అలీ గుమ్మం ముందే పెట్టాడు. అబూ అలీ చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఖాజా భాయ్, నేను వంటింట్లో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పెళ్ళాంబిడ్డల జాడ తెలియని మనిషి ముందు తన అక్క గొంతు వినిపించి ఇలియాస్ ఉడికిస్తున్నాడని నేను నమ్మాను. "గింత పగ మంచిది కాదురా" అన్నాడు ఖాజా భాయ్. నాకు ఇలియాస్ మీద అసహ్యం పుట్టింది. ఆ వారమే కోరుట్ల మనిషి ఒకడు సెలవు మీద పోతున్నాడు. ఖాజా భాయ్ భాబీకి మాట నింపి పంపాలి, ఖాళీ క్యాసెట్ లేదు. ఇలియాస్ ఆఫీసుకు వెళ్ళిన సమయంలో నేను అతని గదిలోకి వెళ్ళి, ఆ క్యాసెట్ తీసి తెచ్చాను. "ఎవలదిరా?" అంటే, "ఎవరో వదిలేసి పోయిన పాటల క్యాసెట్, దీని మీద నింపు" అన్నాను. చెరిగిపోతే ఆ బాధ ఆగుతుందని అనుకున్నాను. మంచి పని చేస్తున్నానని కూడా అనుకున్నాను. భార్యతో మాట్లాడేటప్పుడు ఖాజా భాయ్ పక్కన ఎవరినీ ఉండనిచ్చేవాడు కాదు. నేను వాకిట్లో కూర్చున్నాను. అరగంటకు బయటికి వచ్చి, "ఒక దిక్కంత నిండిపోయింది, మీ భాబీకి చెవులు నొస్తయి" అన్నాడు. కళ్ళు కడుక్కున్నట్టు తడిగా ఉన్నాయి. ఆ సాయంత్రమే క్యాసెట్ కోరుట్ల మనిషి సంచిలోకి వెళ్ళింది.

ఇలియాస్ రెండు రోజులు వెతికాడు. పరుపు తిరగేశాడు, నన్ను అడిగాడు, ఖాజా భాయ్‌ని అడిగాడు. నేను తెలియదన్నాను. మూడో రోజు మళ్ళీ అల్ వుకైర్ వైపు ఇసుకలో పని చేస్తుండగా, యంత్రంలోంచి చూస్తున్నవాడు కన్ను తీసి, అంకె చెప్పకుండా, కర్ర వైపు నడవడం మొదలుపెట్టాడు. యంత్రం దగ్గరి మనిషి కర్ర దగ్గరికి నడిచి వెళ్ళడం నేను అదే మొదటిసారి చూశాను. దూరంగా ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మాటలు వినబడవు. ఇలియాస్ చేతులు కదులుతున్నాయి, అవి మా సైగలు కావు. కాసేపటికి అబూ అలీ కర్రను ఇసుక మీద పడుకోబెట్టాడు. దాన్ని అతను ఏనాడూ నేల మీద పెట్టలేదు. ఇద్దరూ నా వైపు వచ్చారు.

నాకూ తెలియాలని ఇలియాస్ ఇంగ్లీషులో చెప్పింది ఇది. అబూ అలీ భార్య, జైనబ్ పారిపోయి పారిపోయి చివరికి సల్మా ఇంటి తలుపు తట్టారు. ఆమె వాళ్ళను లోపల పెట్టుకుంది. తూర్పు నుంచి వచ్చినవాళ్ళంటే ఆ పేటలోనూ అనుమానమే, అందుకే చుట్టుపక్కల ఎవరికీ తెలియకూడదు. క్యాసెట్ దారిలో ఎన్ని చేతులు మారుతుందో, ఎవరు ఆపి వింటారో తెలియదు కాబట్టి పేరు చెప్పలేదు. "ఇంటికి చుట్టాలు వచ్చారు, ఎవరని అడగకు" అని మాత్రం అని, పిల్ల చేత అంకెలు చెప్పించింది. తండ్రి ఒక్కడికి తెలిస్తే చాలని. నోటితో చెప్పొద్దన్నావు కాబట్టే నీ గుమ్మం ముందు పెట్టాను అన్నాడు ఇలియాస్.

అబూ అలీ అంతా విన్నాడు. "ఆరు వదిలేసిందా?" అని అడిగాడు.

"వదిలేసింది."

"ఆ సంగతి నేనే నీకు చెప్పాను. ఈ ఇసుకలోనే చెప్పాను. నీ అన్న కొడుకు పాపం కడగడానికి నువ్వు ఈ కథ అల్లలేవా? క్యాసెట్ వినిపించు."

అప్పుడు నేను చెప్పాను. క్యాసెట్ నేనే తీశానని, దాని మీద ఖాజా భాయ్ తన మాటలు నింపాడని, అది మా దేశం వెళ్ళిపోయిందని. ఇలియాస్ నన్ను కొడతాడనుకున్నాను. అతను వెళ్ళి జీపు టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. అబూ అలీ నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు విన్నావు కదా. పిల్ల గొంతు ఉందా?" ఉందన్నాను. "ఆడపిల్లా, మగపిల్లాడా?" చెప్పలేకపోయాను. "ఏమంది?" రోజంతా అరబ్బీ అంకెలు రాసి పొట్ట పోసుకునేవాణ్ణి నేను. నాకు ఆ భాషలో సరిగ్గా వచ్చిన మాటలు ఆ పదే. అవే మాటలు గోడ పక్క నుంచి ఐదు రోజులు వినబడినా, కోపంలో వినలేదు. "తెలియదు. నేను వినలేదు" అన్నాను. అది నిజం. అవును, ఆరు వదిలేసింది అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఏమయ్యేదో ఇన్నేళ్లూ ఆలోచిస్తూనే ఉన్నాను. తేలలేదు.

ఆ రాత్రి ఖాజా భాయ్ నన్ను తిట్టలేదు. పచ్చిపులుసు కలుపుతూ, తల ఎత్తకుండా అన్నాడు. "పోలీస్ యాక్షన్ అప్పుడు నాకు ఎనిమిదేండ్లు. మా అమ్మ నన్ను ఒక పద్మశాలోళ్ళ ఇంట్ల దాచింది. మగ్గం గుంతల కూసున్న, పన్నెండు దినాలు. పైన ఆ పెద్దమనిషి నేసుడు బంద్ చెయ్యలె. ఎవలన్న వస్తె, చప్పుడుకు నా దగ్గు వినబడొద్దని." పులుసులో ఉప్పు వేశాడు. "ఇంటికి చుట్టాలొచ్చిండ్రు అంటె నాకు సమజ్ కావాలె రా. నాకన్న కావాలె." నాకు అరబ్బీ సరిగ్గా రాదు, అతనికీ రాదు. అయినా ఆ తప్పులో తన వాటా తను తీసుకున్నాడు.

పది రోజులకు అబూ అలీ ఉద్యోగం వదిలేశాడు. దక్షిణాన సముద్రం పక్క ఊళ్ళో వాళ్ళ పేటవాళ్ళు చాలామంది చేరారని బంధువులు కబురు పంపారు, అక్కడే ఉంటారని అతని నమ్మకం. ఇలియాస్ నా కొలతల పుస్తకంలోంచి కాగితం చింపి, సల్మా ఇంటి దారి గీసి ఇచ్చాడు. అబూ అలీ దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నమ్మి పెట్టుకున్నాడో, ఊరికే పెట్టుకున్నాడో తెలియదు. వెళ్ళే ముందు కర్రను తుడిచి నా గదిలో నిలబెట్టాడు. విమానం దమాస్కస్ దాకా వెళ్ళింది, అక్కడి నుంచి ఏ రోడ్డు పట్టాడో మాకు తెలియలేదు. సల్మా నుంచి ఇంకో క్యాసెట్ రాలేదు. ఏడాది తిరిగేలోపు ఇలియాస్ కూడా సైప్రస్‌లో పని దొరికిందని వెళ్ళిపోయాడు. ఒక్క ఉత్తరం రాశాడు, అందులో వాళ్ళ ఊసు లేదు. మా తమ్ముడి కొడుకు ఇప్పుడు అల్ వుకైర్‌లో ఉంటాడు. ఫోటోలు పంపుతుంటాడు, ఇళ్ళు, చెట్లు, పిల్లలు ఆడుకునే పార్కు. అబూ అలీ కర్రను పడుకోబెట్టిన చోటు వెతుకుతాను, దొరకదు. వాడికి రోజూ వీడియోలో కొడుకు కనబడతాడు, పలుకుతాడు. ఒక పిల్ల బతికి ఉందా లేదా తెలియడానికి క్యాసెట్ ఒకటి నాలుగు దేశాలు దాటాల్సి వచ్చేదంటే వాడు నమ్మినట్టు తల ఊపుతాడు.

ఇదంతా భాబీకి చెప్పడానికి గంట పట్టింది. చాలాసార్లు ఆపింది. "వాళ్ళల్ల వాళ్ళకే లొల్లా?" అని అడిగింది. "ఒక్క దేశమే గద, ఎందుకట?" అంది. కప్పులు పెట్టి చూపిద్దామనుకున్నాను, కానీ ఎన్ని పెట్టాలో నాకూ తెలియదు. ఆమె మనవడు పాత టేప్ రికార్డర్ దులిపి తెచ్చాడు. క్యాసెట్ పెట్టాం.

ఖాజా భాయ్ గొంతు. నలభై రోజుల కింద ఆగిపోయిన గొంతు, ముప్పై ఆరేళ్ల వయసులో. బర్రె ఈనిందా అని అడిగాడు, పెద్దోడి జ్వరం అడిగాడు, "నువ్వు పైలం హమీదా" అన్నాడు. ముక్కు పీల్చిన చప్పుడు, టక్‌మని మీట నొక్కిన చప్పుడు. అంతే. ఒక వైపంతా నింపానన్నవాడు పది నిమిషాలు కూడా మాట్లాడలేదు. మిగిలిన సమయమంతా లోపల కూర్చుని ఏడ్చి, నాకు చెప్పడానికి సిగ్గుపడ్డాడు. నేను ఆ టేపు గురించి అతనికి అబద్ధం చెప్పాను, అతను నాకు చెప్పాడు. రెండు చిన్న అబద్ధాలు. భాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత సల్మా గొంతు వచ్చింది. దాని వెనుక, మిషను చక్రం తిరుగుతున్న చప్పుడులో, ఒక ఆడపిల్ల. ఆడపిల్లే, సందేహం లేదు. వాహద్, త్నేన్, త్లాతే, అర్బా, ఖమ్సే, సబా. సల్మా ఆపి, "సిత్తే" అని ఆరును అందించింది. పిల్ల మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఖమ్సే, సబా.

"ఏమంటున్నది ఆ బిడ్డ?" అంది భాబీ.

"అంకెలు. ఆరు మర్చిపోతోంది."

భాబీ టేప్ రికార్డర్‌ను తన దగ్గరికి జరుపుకుంది. ఆమె పెట్టె అడుగున వెతికిన గౌను ఈ పిల్లదే. "తండ్రికి దొరికిందా మరి?" అని అడిగింది. తెలియదన్నాను. ఆ జవాబే నేను ఒకసారి ఆ తండ్రికీ చెప్పాను.

టేపు చివరికి వచ్చి ఆగిపోయింది. "ఇంకోసారి పెట్టు" అంది భాబీ. ఈసారి మీ భాయ్ మాటలు వద్దు, పిల్ల కాడి నుంచి పెట్టు అంది.